కీలింగ్ ఇంకా రాలేదు

కబ్లాయాన్, సగాడా పైన
ఆగస్టు 4, 1974

కెద్మాయక్కకి,

అసలు ఈ ఉత్తరం రాయకపోదును. మూడు రోజుల కిందట కాగితం తీసి బియ్యం బుట్ట మీద పెట్టాను. కోడిపెట్ట వచ్చి దాని మీద కూర్చుంది. నాకూ అదే మంచిదనిపించి ఊరుకున్నాను. ఇవాళ అది లేచి వెళ్ళిపోయింది. ఇక సాకు లేదు.

నేను బాగున్నాను. మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి. అబ్బాయి గనిలోంచి నెలకోసారి పైకి తేలి వచ్చి, రెండు రోజులు పడుకుని, మళ్ళీ భూమిలోకి దిగిపోతున్నాడు. నన్ను చూసుకునేదీ, తిట్టేదీ కోడలు హిల్డాయే. రెండూ బాగా చేస్తుంది.

ఊరే కొంచెం పాడైంది. మన కోడిపుంజుకి ఏం దిగులో, కూయడం మానేసింది. జనానికి గొణుగుడు జబ్బు పట్టుకుంది. వెనకటికి ఈ లోయలో ఇటు గట్టు మీద మాట్లాడితే అటు గట్టు మీద జవాబు వచ్చేది. ఇప్పుడు పక్కన కూర్చున్నవాడు కూడా నోట్లో తమలపాకు పెట్టుకుని పెళ్ళాం గురించి చెబుతున్నట్టు మాట్లాడతాడు. అవింగన్ ముసలమ్మ మనవరాలి పెళ్ళిలో జేగంటలు కొట్టారు. తడిసిన తోలు మీద కొట్టినట్టుంది. "గంటలు పగిలాయిరా, మార్పించండి" అన్నాను. కొట్టేవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పనివాడికి తన పనిముట్టు తప్పు చూపిస్తే అలాగే ఉంటుంది.

నేను చదువుకున్న చదువంతా ఎండుచేపలు చుట్టి ఇచ్చిన వార్తాపత్రికల మీదే కదా. మొన్న ఒక ముక్కలో చదివాను, ఎక్కడో దక్షిణాన ఒకాయన చనిపోయి, పాడె మీద లేచి కూర్చుని నీళ్ళు అడిగాడట. ఇచ్చారో లేదో కాగితం అక్కడే చినిగిపోయింది. రెండు రోజులుగా నాకు అదే ఆలోచన.

ఇంతకీ అడగాలనుకున్నది మరిచాను. ఊరికే అడుగుతున్నాను సుమా. నిరుడు మీ దీవిలో కీలింగ్ ఏ రోజు దిగింది? అదే, కళ్ళకి నల్లగుడ్డ కట్టుకున్న దొంగలా ఉండే మన పిట్ట. అది వచ్చి అరిస్తేనే కదా పెద్ద వానలు వెళ్ళిపోయినట్టు, వరి వెన్నులు నారుమడి బురదలో పెట్టచ్చు. అది రాకముందు తొందరపడితే వాన నారుమడిని ఎత్తి లోయలో పారబోస్తుంది. నీకు తెలియనిదా ఇది? నాన్న పోయినప్పటి నుంచి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన కూర్చునే ఆ రాతి మీదే కూర్చుని పిట్టను విని ఊరికి చెబుతున్నది నేనే. ఒక్క ఏడు తప్పలేదు. అయినా చెబుతున్నంతసేపూ నీతో ఆ రాతి మీద కూర్చున్నట్టుంది.

బావకి నా దండాలు.

నీ తమ్ముడు
ఒమావెంగ్


చవాయన్, సబ్తాంగ్ దీవి
ఆగస్టు 29, 1974

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం ఇరవై రెండు రోజులు నడిచి వచ్చింది. దానికి ఇంకా కోడి వాసన పోలేదు. మీ బావ నికాసియో వాసన చూసి, "మీ కొండవాళ్ళు అక్షరాలు కూడా పొగబెడతారా?" అన్నాడు.

ఇక్కడ రెండు గాలివానలు వెళ్ళాయి. ఇంటికప్పు మీది గడ్డికి మోకులు బిగించి, కిటికీలకి చెక్కలు అడ్డంపెట్టి, రాతిగోడల మధ్య చిలగడదుంపలు తింటూ కూర్చున్నాం. గాలివాన పోయాక ఈ దీవి ఎలా ఉంటుందో నీకు ఎన్నిసార్లు రాసినా తనివి తీరదు. గడ్డికొండలు దువ్విన జుట్టులా ఒకే వైపు వాలి ఉంటాయి. సముద్రం ఏ పాపమూ ఎరగనట్టు నీలంగా పడుకుంటుంది. మేకలు బయటికొచ్చి, ఇంకా లోకం ఉందా అని చూస్తాయి.

నువ్వడిగిన రోజు, నిరుడు సెప్టెంబరు ఆఖరు రోజు. తెల్లారేసరికి మా గోడ నిండా వాలి ఉన్నాయి. ఉత్తరపు సముద్రం మొత్తం ఎగిరి వచ్చి ఎంత అలిసిపోయి ఉంటాయంటే, నేను వేలితో వీపు నిమిరినా ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంటాయి. పడవ అంచు మీద నిద్రపోయిన పిట్టను మీ బావ లేపడు. అది లేచేదాకా పడవ నీళ్ళలోకి దించడు. చేపలు ఎదురుచూస్తాయిలే అంటాడు. రెండో రోజు ఒకటి అరుస్తుంది. మూడో రోజుకి గోడ ఖాళీ. అవి దక్షిణానికి, నీ వైపు, వెళుతున్నాయని అనుకుంటూ ఆ రోజంతా ఇంట్లో ఏ పనీ సాగదు నాకు.

ఇప్పుడు నేనడుగుతాను, చెప్పు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగనిది ఇప్పుడెందుకు అడిగావు? పిట్ట వచ్చాక దాని తేదీ నువ్వే నాకు రాసేవాడివి, డప్పు కొట్టుకుంటూ.

ఇంకో మాట. ఆ కోడిపుంజు కూయడం లేదన్నావు. పొద్దున్నే అది నోరు తెరుస్తోందో లేదో ఒకసారి చూడు.

అక్క


కబ్లాయాన్
సెప్టెంబరు 20, 1974

అక్కా,

పిట్ట వచ్చింది!

ఇవాళ పొద్దున. నిరుటి కంటే చాలా ముందే. సగాడాలో ఉండే మేస్త్రి ఒకడు రేపు విమానంలో మీ వైపు పనికి వెళుతున్నాడని తెలిసి, వాడి చేతికిస్తున్నాను. మామూలు టపాలో వేస్తే మీ ఇంటికొచ్చేసరికి నారు ఎదిగి ముసలిదవుతుంది.

ఎలా విన్నానో చెబుతాను. ఆరు రోజులుగా తెల్లవారుజామునే వెళ్ళి దేవదారు అడవి అంచున నాన్న రాతి మీద కూర్చుంటున్నాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే, నా చెయ్యి చాపితే వేళ్ళు వేరెవరివో అయిపోతున్నాయి. కింద మెట్లమడులు లేవు, ఊరు లేదు, ఆకాశం లేదు. పాలలో మునిగిన గింజలా కూర్చున్నాను. అమ్మ గుర్తొచ్చింది. దాగియా గుర్తొచ్చింది, చనిపోయే ఏడు కూడా విత్తనానికి వెన్నులు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య తిప్పి చూసి ఏరింది నా ఇల్లాలు. మగవాళ్ళకి గింజ కనిపిస్తుంది కాని, అందులో పడుకున్న పంట కనిపించదనేది. అలా అనుకుంటూ ఉండగా, స్పష్టంగా, సానరాయి మీద కత్తి నూరినట్టు, కీల్ కీల్ కీల్ అని మూడుసార్లు.

ఎంత స్పష్టంగానో, అక్కా! ఈ ఏడాదిలో అంత స్పష్టంగా నాకేదీ వినపడలేదు.

పరుగున దపాయ్‌కి వెళ్ళాను. పెద్దలు రాళ్ళ మీద నిప్పు చుట్టూ కూర్చుని ఉన్నారు. చెప్పాను. రేపు ఊరంతా సెలవు, ఎవరూ పొలం గట్టు తొక్కకూడదు. ఎల్లుండి నుంచి ఆడవాళ్ళు నారుమళ్ళు కాళ్ళతో తొక్కి మెత్తన చేస్తారు. ఆచారం ప్రకారం విన్నవాడి విత్తనం ముందు పడాలి కనక ఇరవై ఐదున మా మడి. మూడు రోజులాగి ఊరందరివీ.

ఇంటికొచ్చాక హిల్డా ఒక్కతే నా చెవి దగ్గరకొచ్చి అడిగింది:

"మామయ్యా, ఏ వైపు నుంచి అరిచింది?"

"ఏ వైపేమిటే, అన్ని వైపుల నుంచీ."

"పిట్టలు ఎన్నొచ్చాయి?"

"ఒక్కటే."

"కనబడిందా?"

"మంచులో నువ్వు కనబడతావా, పిట్ట కనబడటానికి? నువ్వేమన్నా పోలీసువా?"

వెళ్ళి గిన్నెలు కడిగింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

కోడిపుంజు సంగతి అడిగావు కదా. దాన్ని ఇవాళ మొక్కుకి కోసేశాం. కనక ఆ విషయం తేలదు.

మీ గోడ మీద పిట్టలు ఈసారి ముందే వాలి ఉంటాయి. ఎప్పుడో రాయి. ఊరికే.

ఒమావెంగ్


టెలిగ్రాం
బాస్కో, సెప్టెంబరు 26

కీలింగ్ ఇక్కడికే ఇంకా రాలేదు. విత్తనం ఆపు. ఉత్తరం వెనక వస్తోంది. అక్క.


చవాయన్
సెప్టెంబరు 27, 1974

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న పొద్దున్నే అందింది. చదివి లేచి నిలబడ్డాను. "పడవ తియ్యి" అన్నాను మీ బావతో. ఆయన సముద్రం వంక చూశాడు. అలలు తెల్లటి పళ్ళు బయటపెట్టి ఉన్నాయి. "ఇవాళ ఎవరూ వెళ్ళరు కెద్మాయ్" అన్నాడు. "మా ఊళ్ళో విత్తనం బురదలో పడుతోంది" అన్నాను. తెడ్లు తీశాడు. పిట్ట నిద్రపోతోందని పడవ ఆపే మనిషి, పిట్ట రాలేదని చెప్పడానికి పడవ తీశాడు. దారంతా తాటాకు ముసుగు తల మీద పట్టుకుని, తెలిసిన దేవుళ్ళనందరినీ, మన కొండవాళ్ళ దేవుళ్ళని కూడా, పిలిచాను. బాస్కోలో తంతి కొట్టే పిల్ల నా వాలకం చూసి, ఎవరు పోయారని అడిగింది.

నీ ఉత్తరాలన్నీ పెట్టెలో ఉన్నాయి. ప్రతి ఏడూ నువ్వు విన్న తేదీ, మా గోడ మీద అవి వాలిన తేదీ పక్కపక్కన పెట్టుకుని చూసుకునేదాన్ని. మా దగ్గర దిగిన తొమ్మిదో రోజున గాని, పదో రోజున గాని నువ్వు వినేవాడివి. ఒక్కసారి పదకొండు, ఆ ఏడు గాలి ఎదురు. తొమ్మిదికి ముందెప్పుడూ లేదు. సముద్రం దాటకుండా పిట్ట కొండెక్కదు కదరా.

ఇంకొకటి చెబుతాను. నేను చచ్చేలోపు చెప్పాలనుకోలేదు, అయినా చెబుతాను. చిన్నప్పటి నుంచీ నాన్న మనిద్దర్నీ ఆ రాతి మీదికి తీసుకెళ్ళేవాడు, గుర్తుందా? ఆ రాతి మీద నోరు తెరవకూడదని నియమం. అప్పటికే నాన్నకి చెవులు మందం. పిట్టను ముందు వినేది నేను. విని నీ మోచెయ్యి గిల్లేదాన్ని. నువ్వు ఉలిక్కిపడి తలెత్తేవాడివి. నీ తల లేవడం చూసి నాన్న, "నా కొడుకు విన్నాడు" అని ఊరంతా చెప్పేవాడు. ఆడపిల్ల విన్నదంటే దపాయ్‌లో ఎవరు ఒప్పుకుంటారు? నాకూ నవ్వుగా ఉండేది.

నాన్న పోయిన ఏడే నేను పెళ్ళి చేసుకుని ఇంత దూరం వచ్చేశాక, వీడేం చేస్తాడో అని మొదటి ఏడు నిద్రపట్టలేదు. తీరా నీ ఉత్తరం వచ్చింది, తేదీ సరిగ్గా సరిపోయింది. గిల్లేవాళ్ళు లేకపోయేసరికి నీ చెవి నిజంగానే తెరుచుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నువ్వు విన్నది నీ చెవితోనే. అది ఎవరూ నీ నుంచి తీసుకోలేరు.

కాని ఇప్పుడది మూసుకుంది. కోడి కూస్తూనే ఉండింది. గంటలు పగల్లేదు. నువ్వు వెళ్ళి చెప్పు.

అక్క


కబ్లాయాన్
అక్టోబరు 2, 1974

అక్కా,

నీ టెలిగ్రాం వచ్చేసరికి నా విత్తనం బురదలో ఒక రోజు పడుకుని ఉంది.

తపాలా ఆఫీసు కుర్చీలో కూర్చునే మన ఊరివాడు, దపాయ్ పెద్ద పంగోద్ అల్లుడు, తనే కొండెక్కి తెచ్చి ఇచ్చాడు. మడత విప్పాను. ఆ పది మాటల్లో నేను మోసినంత బరువు గనిలో అబ్బాయి కూడా మోసి ఉండడు. చొక్కా లోపల పెట్టుకుని సాయంత్రం దాకా తిరిగాను. మడి గట్టు మీద కూర్చున్నాను. వెన్నులు వరసగా, దాగియా ఏరినవాటి పిల్లలూ మనవలూ, బురదలో మెడదాకా దిగి ఎండకి మెరుస్తున్నాయి. పిట్ట నిజంగానే రాకపోతే ఇవి పోతాయి, ఇవి మాత్రమే పోతాయి. ఊరందరివీ ఇంకా ధాన్యపు కొట్లలోనే ఉన్నాయి. నేను నోరు మూసుకుంటే ఎల్లుండి అవీ దిగుతాయి. నేను నోరు తెరిస్తే నా ముప్ఫై ఒక్క ఏళ్ళూ బురదలో దిగుతాయి.

పొద్దు వాలకముందే దపాయ్‌కి వెళ్ళాను.

"పిట్ట రాలేదు" అన్నాను.

పంగోద్ లేచి వచ్చి నా చెవిలో అరిచాడు, అందుకే వినబడింది: "విన్నానన్నావు కదయ్యా!"

"విన్నాను. బయట నుంచి రాలేదు."

"మరెక్కణ్ణుంచి వచ్చింది, కడుపులోంచా?"

"తలలోంచి" అన్నాను. "ముప్ఫై ఏళ్ళుగా అక్కడ గూడు కట్టుకుని కూర్చున్నదే. అది అరిచింది. నాకు లోపలిదేదో బయటిదేదో తెలియడం మానేసి ఏడాదైంది."

అందరూ నవ్వారు. నవ్వు నాకు వినబడలేదు, పళ్ళు కనబడ్డాయి. తరవాత ఒక్కొక్కరి నోరూ మూసుకుంది. నీ టెలిగ్రాం తీసి ఇచ్చాను. చేతులు మారి మారి అది నిప్పు చుట్టూ తిరిగి నా దగ్గరకొచ్చింది. ఒక ముసలాయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చదివాడు. పంగోద్ తన చేతిలోని పొగాకు సగం తుంచి నాకిచ్చాడు. ఆ మనిషి ఇరవై ఏళ్ళలో ఎవరికీ పొగాకు ఇవ్వలేదు, అదీ నాకు భయమేసిన సంగతి.

ఊరు విత్తనం ఆపింది.

ఇరవై తొమ్మిదిన గాలివాన వచ్చింది. రెండు రోజులు. మూడో రోజు పొద్దున నేనూ హిల్డా వెళ్ళి చూశాం. మడి లేదు. రాతిగట్టు ఒకచోట నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి బురద లోయలోకి నాలుకలా వేలాడుతోంది. హిల్డా దిగి మోకాళ్ళ దాకా వెతికి ఒక్క వెన్ను తెచ్చింది, అదీ విరిగింది. దాన్ని కడిగి నా చేతిలో పెట్టింది.

"అత్తయ్య విత్తనం మొత్తం పెట్టేశాం కదా మామయ్యా" అంది. పెదాలు చూసి తెలుసుకున్నాను. ఈమధ్య అలాగే తెలుసుకుంటున్నాను. మనుషులు గొణగడం లేదు అక్కా, చక్కగా మాట్లాడుతున్నారు.

ఒమావెంగ్


చవాయన్
అక్టోబరు 5, 1974

తమ్ముడూ,

నిన్న తెల్లారేసరికి గోడ నిండా వాలాయి. ఒకటి నీ పాత ఉత్తరాల పెట్టె మీద నిద్రపోయింది, కిటికీ తెరిచి ఉంచాను కనక. దాన్ని లేపకుండా మీ బావా నేనూ ఇంట్లో మునివేళ్ళ మీద తిరిగాం. మంచి మాట మోసే పిట్ట మన ఉత్తరం కంటే ముందే నీ దగ్గరకొస్తుంది. అయినా రాస్తున్నాను.

అక్క


కబ్లాయాన్
అక్టోబరు 13, 1974

అక్కా,

నువ్వు సెప్టెంబరులో రాసిన పెద్ద ఉత్తరం మొన్న అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి హిల్డా చేత చదివించుకున్నాను, ఆమె నోరు కదలడం చూస్తూ. గిల్లుడు దగ్గరకొచ్చేసరికి ఆగి నా మోచెయ్యి వంక చూసింది. నేనూ చూసుకున్నాను. యాభై ఏళ్ళ కిందటి గిల్లుడికి ఇప్పుడు మచ్చ కనబడుతుందా? నాకు కనబడింది.

నాకు తెలుసక్కా. చిన్నప్పుడే తెలుసు. నువ్వు వెళ్ళిపోయిన ఏడు ఆ రాతి మీద కూర్చుని, నువ్వు గిల్లుతావని మూడు రోజులు ఎదురుచూశాను. నాలుగో రోజు విన్నాను. ఆ సంగతి నీకు రాయలేదు. మనిద్దరం మనుషులమే, చెరో పెట్టెలో చెరొకటి దాచుకున్నాం.

విత్తనం సంగతి విను. అవింగన్ ముసలమ్మ నిన్న వీపున బుట్ట కట్టుకుని వచ్చింది. బుట్టలో గింజకి ఎర్ర ముల్లున్న వరి వెన్నులు. తన కూతురి పెళ్ళికి దాగియా ఇచ్చిన కట్ట నుంచి పుట్టినవట. "నీ పెళ్ళాం విత్తనం మా కొట్లో ఇరవై ఏళ్ళుగా అద్దెకుంటోంది, ఇవాళ పుట్టింటికి తెచ్చాను" అంది. పంగోద్ ఇంట్లోనూ ఉందట, లోయ అవతల రెండిళ్ళలోనూ ఉందట. పెళ్ళిళ్ళకి దాగియా వెన్నుల కట్టలు ఇస్తుంటే, డబ్బు ఇవ్వచ్చు కదే అని నేను కసురుకునేవాణ్ణి. ఈ ఊళ్ళో నా మడి ఒక్కటి కొట్టుకుపోతే ఆమె పోదన్నమాట. నాకు ఇన్నేళ్ళకి అర్థమైంది. అదీ ఒకామె బుట్టలో తెచ్చి చూపిస్తే.

రాతి మీద ఎవరు కూర్చోవాలనేది దపాయ్‌లో మూడు రోజులు నలిగింది. హిల్డా చెవి పదునని ఊరందరికీ తెలుసు. ఆడమనిషి ఆ రాతి మీద ఎలా కూర్చుంటుందని ఇద్దరు ముసలాళ్ళు పట్టుబట్టారు. మా అక్క కూర్చుని ఇరవై ఏళ్ళు ఈ ఊరికి అన్నం పెట్టిందని చెప్పాను. నీ ఉత్తరం అందకముందే మొత్తం చెప్పాను, గిల్లుడుతో సహా. నాన్నను కూడా వదల్లేదు. పంగోద్ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, "అయితే ఇద్దరూ కూర్చోండి, రాయి వెడల్పే కదా" అన్నాడు. అలా తేలింది.

నాలుగు రోజులుగా ఇద్దరం వెళుతున్నాం. నాకు ఇప్పుడు ఆ మంచు పూర్తిగా నిశ్శబ్దం. చెట్లు గాలికి ఊగుతాయి, చప్పుడు లేదు. నీళ్ళు మడి నుంచి మడికి దూకుతాయి, చప్పుడు లేదు. నీళ్ళ అడుగున కూర్చుని పైన లోకం జరగడం చూస్తున్నట్టుంటుంది. మొదటి రోజు దుఃఖమొచ్చింది. రెండో రోజు అలవాటైంది. మూడో రోజు బాగుంది.

ఇవాళ పొద్దున మంచు కాస్త పలచబడ్డాక హిల్డా నా మోచెయ్యి గిల్లింది. ఎదురుగా మోడు మీద పిట్ట ఉంది. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. నేను లేచి దపాయ్‌కి వెళ్ళి, హిల్డా విన్నదని చెప్పాను. తరవాత ఇంటికొచ్చి చిలగడదుంపలు తిన్నాను.

ఒమావెంగ్